మోకుకూ చేంతాడుకూ నడుమ

1953 ఏప్రిల్ 12, ఆదివారం. ఆదోని.

కొడుకు గిడ్డయ్య బాగున్నాడా? బాగున్నాడు. పొద్దున సగం రొట్టె వదిలేసి లేచాడు, అదొక్కటే. కోడలు భీమక్క బాగుందా? దగ్గు తగ్గిందంటుంది గానీ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతుంది. నల్లమేక బాగుందా? నీళ్లు చాలక దాని పాలు ఇంకిపోయాయి, ఈ కరువు ఏడు ఎవరికైనా అంతే. ఎమ్మిగనూరులో మా మరిది యేసేపు, తోడికోడలు సుంకమ్మ బాగున్నారా? తెలియదు. అడిగే దారి లేదు. నేను బాగున్నానా? మోకాళ్లు తప్ప బాగున్నాను. సమాధుల తోటలో మా ఆయన బాగున్నాడు. ఆయనకు ఇక ఏమీ కాదు.

నాకు తెలిసిన రాత ఉత్తరం రాయడం ఒక్కటే, అందుకని ఇలా మొదలుపెట్టాను. ఎవరికి అంటే ఎవరికీ కాదు. ఈ డైరీ గిడ్డయ్యకు పత్తి ప్రెస్సులో ఇచ్చారు. వాడు నా ముందు పడేసి, "నీ దిగులంతా మా సెవుల్లో పోయద్దు మా. దీంట్లో రాసుకో. మిషను బడిలో నేర్సిన అచ్చరాలు ఊరికే పోతాండాయి" అన్నాడు.

సరే, రాస్తాను. బావి మాట మాత్రం రాయను.

ఏప్రిల్ 14, మంగళవారం

ప్రెస్సు మూసేశారు. మళ్లీ పత్తి వచ్చేదాకా పని లేదు. గిడ్డయ్య కాళ్లు కడుక్కుంటూ చెప్పాడు, నా వైపు చూడకుండా.

"బావి పని దొరికినాది మా. ఎండిన బావిని ఇంగా లోతు చెయ్యాల. కూలి బాగిస్తారు."

"ఎవరి బావి?"

వాడు కాలి మడమ మళ్లీ కడిగాడు. కడిగిందే కడిగాడు.

"ఎవరిదిరా?"

"శేషప్పది."

ఎమ్మిగనూరు దారిలో శేషప్ప తోట. నేను చేతిలో చేట కింద పెట్టేశాను.

"అంత తెలిసి ఆ బావిలోకే దిగుతావా?"

"బావి ఏం చేసె మా? బావికి కాళ్లుండాయా, చేతులుండాయా?"

"చేతులుండాయి" అన్నాను.

వాడు నవ్వాడు. భీమక్క నవ్వలేదు.

ఏప్రిల్ 15

నాకు భయం ఏమీ లేదు. వాడు పెద్దవాడు.

ఏప్రిల్ 19, ఆదివారం

రాయనన్నాను. రాయకపోతే అది తలలోనే తిరుగుతోంది. గుడిలో కీర్తన పాడుతుంటే కూడా తిరిగింది. వరసగా రాస్తే ఎక్కడ తప్పు జరిగిందో కనబడుతుందేమో.

కపిల బావిలో తోలుబాన విప్పేసి, ఎద్దులు లాగే ఆ లావు మోకుతోనే మనుషులను దించుతారు. కింద బండకు బెజ్జం కొట్టి, మందు కూరి, వత్తి పెడతారు. వత్తి ముట్టించే ముందు కింది వాడు తాడు గట్టిగా ఒక లాగు లాగాలి. పైన మోకు పట్టుకున్నవాడు ఎద్దులు కట్టి, సిద్ధమని తిరిగి ఒక లాగు లాగాలి. ఆ జవాబు చేతికి వచ్చాకే వత్తికి నిప్పు పెట్టాలి. నోటితో కేకలు లేవు. బావిలో నిలబడి మనిషిని పేరు పెట్టి పిలవకూడదు. బావి ఆ పేరు నేర్చుకుని మళ్లీ మళ్లీ పిలుస్తుందని పాత పనివాళ్ల కట్టడి. మా ఆయనా దాన్ని తప్పలేదు, ఆయనతో దిగిన అయ్యన్నా తప్పలేదు.

ఆ రోజు కింద ఆయన, అయ్యన్న. పైన ఆయన తమ్ముడు యేసేపు. బావి లోతైపోయి మోకు అందలేదు. మోకు కొసకు సన్నదైనా గట్టి చేంతాడు ముడేశారు. అందరూ చేసే పనే.

బతికి పైకొచ్చిన అయ్యన్న చెప్పింది: "ఇస్సాకన్న లాగినాడు. తాడు తిరిగి లాగింది. నా కండ్లతో సూసినా, ఆయన సెయ్యి ఎగిరినాది. అప్పుడే వత్తి ముట్టిస్తిమి."

యేసేపు చెప్పింది: "వదినా, మోకు నా సేతిలోనే ఉండె. సీమ పాకినంత గూడా కదల్లేదు. కదిలితే ఎద్దుల్ని కట్టనా? మా అన్నను కాదా?"

ఎద్దులు కట్టలేదు. వత్తి కాలుతోంది. అప్పుడు "ఓ" అని అరిచారట. ఆ "ఓ" గోడలకు కొట్టుకుని కొట్టుకుని పైకొచ్చేసరికి గాలి మోత అయింది. అయ్యన్న బండ చాటుకు దూరాడు. ఆయన దూరలేదు. జవాబు వచ్చింది గదా, తమ్ముడు లాగుతాడని తాడు పట్టుకుని నిలబడ్డాడు.

ఇద్దరూ గుడిలో బైబిలు మీద చేయి పెట్టి చెప్పారు. ఇద్దరిలో ఒకడు అబద్ధికుడు అంది ఊరు, పైన ఉన్నవాణ్ణే ఎంచుకుంది. తాగి ఉన్నాడన్నారు. నిద్రపోయాడన్నారు. గిడ్డయ్యకు అప్పుడు మీసాలు కూడా రాలేదు, ఆ మాటలే విని పెరిగాడు. యేసేపు ఒక పొద్దున పెట్టె నెత్తిన పెట్టుకుని, సుంకమ్మను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు వెళ్లిపోయాడు. అయ్యన్న కిందటేడు జ్వరంతో పోతూ కూడా అదే చెప్పాడు, జవాబు వచ్చిందని.

నేను ఇద్దరినీ ఎరుగుదును. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కాదు. మరి తాడు లాగిందెవరు?

కింద ఉన్నవాడు కాదు. పైన ఉన్నవాడు కాదు. నడుమ ఎవడో ఉన్నాడు. కిందివాడు పంపింది పైవాడికి చేరనివ్వకుండా తానే పట్టుకుని, తానే జవాబు ఇచ్చేవాడు. నేను వాణ్ణి నడిమోడు అంటాను, మనసులో. నూతిలో నీళ్లు చేదేటప్పుడల్లా వాడు ఉన్నాడా అని చూస్తాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. పాస్టరయ్యకు చెబితే ప్రార్థన చేసుకో అంటాడు. చేసుకుంటూనే ఉన్నాను.

ఏప్రిల్ 21

గిడ్డయ్య ఈరోజు అన్నం పూర్తిగా తిన్నాడు. ఎందుకు పూర్తిగా తిన్నాడు?

ఏప్రిల్ 23, గురువారం

సంతలో మిరపకాయల రాశి కాడ ఎవరో నా కొంగు పట్టుకున్నారు. చూస్తే సుంకమ్మ. తల సగం నెరిసింది.

"మరియమ్మక్కా, బాగుండావా?"

"ఉండా. మోకాళ్లు... నువ్వు?"

"ఉండాము."

ఇద్దరం మిరపకాయలు ఏరినట్టు నటించాం. చివరికి నేనే అడిగాను.

"ఆయప్ప?"

"మగ్గాలోళ్లకు కండెలు సుడతాడు. దారం తెగక ముందే, ఇది తెగుతాది సూడే అంటాడక్కా. అట్లాంటి సెయ్యి. పని అయినాక ఆ సెయ్యినే సూసుకుంటా కూసుంటాడు. ఈ సెయ్యికి ఆ పొద్దు ఏమొచ్చిందే, సచ్చిందా అంటాడు."

"నీళ్లు ఎవరు చేదుతారు?"

"నేనే. తాడు ముట్టడు. ఆవు పలుపు గూడా ముట్టడు."

మిరపకాయల వాడు, "ఏరేది అయితే తూకమెయ్యనా, లేకుంటే ఈడనే కాపురం పెడతారా?" అన్నాడు. సుంకమ్మ నవ్వబోయి ఆగింది.

"గిడ్డయ్య ఆ బావిలోకే దిగుతాడంట గదక్కా. మా ఆయప్పకు ఇంగా తెలీదు. తెలిస్తే..."

ఇద్దరూ ఒకసారి ఇంటికి రండి అనాలనిపించింది. ఏ మొహంతో అంటాను, ఏ మొహంతో వస్తారు. మిరపకాయలు ఎక్కువ కొనేశాను.

ఏప్రిల్ 26, ఆదివారం

గుడి నుంచి వచ్చేసరికి వాకిట్లో మోకు పడి ఉంది. బాగా బలిసిన జెర్రిపోతులా చుట్ట చుట్టుకుని ఉంది. పక్కన చేంతాడు.

"శేషప్ప ఇంటి నుంచి తెచ్చినా. యాడన్నా సివికిందేమో సూసుకోవాల గదా. మోకు సాలదు మా, బావి లోతు ఉండాది" అంటూ గిడ్డయ్య రెంటినీ కలిపి ముడేశాడు. ముడి మీద కాలు పెట్టి లాగాడు. "ఏనుగును కట్టు, తెగదు."

తెగుతుందని నేనెప్పుడన్నాను? ఆ రోజు కూడా తెగలేదు.

వచ్చే సోమవారం, నాలుగో తేదీన దిగుతారట.

ఏప్రిల్ 27, సోమవారం

అక్షరాలు వంకరగా పడుతున్నాయి, పడనీ.

గిడ్డయ్య మోకు కొసను పెరటి గుంజకు కట్టి, ముడి మీదుగా చేంతాడును వాకిలి దాకా సాగదీసి పోయాడు, ఎండకు ఆరాలని. చేంతాడుకు మట్టి పట్టి ఉంటే దులుపుదామని కొస పట్టుకుని పైకెత్తి ఒక్క విదిలింపు విదిలించాను. తాడులో ఒక గూను లేచింది. పిల్లి దుప్పటి కింద పరుగెత్తినట్టు చేంతాడు వెంట పరుగెత్తింది. ముడి దాకా పోయింది. మోకు కొంచెం, నిద్రలో మనిషి ఒత్తిగిలినంత కదిలింది. అంతే, గూను తిరిగి వచ్చింది. పోయేటప్పుడు పైకి ఉన్నది వచ్చేటప్పుడు కిందికి ఉంది. బోర్లా పడి వచ్చింది. వచ్చి నా చేతిని లాగింది.

లాగింది. అవతల ఎవరూ లేరు. గుంజ ఉంది, మేక ఉంది.

తాడు వదిలేసి లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. నడిమోడు మా ఇంటికి వచ్చాడు. గిడ్డయ్యతో పాటు మోకులో చుట్టుకుని వచ్చాడు.

ఏప్రిల్ 28

ఏమీ లేదు. గాలి అయి ఉంటుంది. నిన్న గాలి లేదు.

ఏప్రిల్ 29, బుధవారం

గిడ్డయ్య ఇంట్లో లేని వేళ చూసి, భీమక్కను పిలిచి మోకును గుంజ నుంచి విప్పించాను. "ఈ కొస పట్టుకో. పెరట్లోకి తిరిగి నిలబడు, నా వైపు చూడొద్దు. ఏమన్నా తగిలితే చెప్పు" అన్నాను.

"ఏమత్తా, తాడాట మొదలుపెడితివి? మామ దెయ్యమై వచ్చినాడా ఏంది?"

"మీ మామకు బతికున్నప్పుడే ఆడేదానికి తీరిక ల్యా. పట్టుకో."

లాగాను. జవాబు వచ్చింది, నా చేతికి.

"తగిలిందా?"

"ఏం తగల్లేదు. నువ్వు లాగినావా?"

మళ్లీ లాగాను, ఇంకా గట్టిగా. "ఊఁ, ఏదో ఈగ వాలినట్టు..." అంది. ఆ పిల్ల చేయి కదలకుండా, మనసంతా పెట్టి పట్టుకుంటేనే ఈగ వాలినంత. ఎద్దుల వాసన, ఎండ, బావి ఒరకు రాసుకునే బరువు మోకు. అక్కడ ఈగ ఎవరికి తెలుస్తుంది?

అప్పుడు స్థలాలు మార్చుకున్నాం. మోకు నేను పట్టుకున్నాను. బరువుకు చేయి నొప్పి పుట్టి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నానంతే. వాకిట్లో భీమక్క కేక పెట్టింది.

"అబ్బా! నా సెయ్యి ఊడబీకితివి గదత్తా!"

"నేను లాగలేదే. చెయ్యి మార్చుకున్నా."

ఆ పిల్ల కాసేపు తాడు వైపు చూసి పకపకా నవ్వింది. "అత్తాకోడళ్ల యవ్వారం అత్తా ఇది. కోడలు ఎంత ఎగిరిపడినా అత్త రవ్వంతే కదులుతాది. అత్త రవ్వంత కదిలితే కోడలు ఎగిరిపడాల."

నవ్వాను. నవ్వుతూనే గోడ పట్టుకుని కూర్చున్నాను.

ఏప్రిల్ 30

ముడి లేకుండా, మోకు లేకుండా, ఒట్టి చేంతాడు ఆ కొస నుంచి ఈ కొస దాకా పట్టుకుని చూశాం. నేను లాగినప్పుడల్లా భీమక్క "వచ్చె" అంది. ఒక్కటి కూడా తప్పలేదు.

నడిమోడు లేడు. నడుమ ఉన్నది ముడి. సన్నతాడులో పోయేది లావుతాడు మొదట్లో గుద్దుకుంటుంది. లావుతాడు దాన్ని మోయదు. కొంచెం తీసుకుని తక్కింది తిప్పి పంపేస్తుంది. కాలువ నీళ్లు గట్టుకు కొట్టుకుని వెనక్కి వచ్చినట్టు. బావి గోడకు కొట్టుకుని "ఓ" వెనక్కి వచ్చినట్టు. దెయ్యం లేదు, తాడు చేసే పని ఉంది.

దెయ్యమే ఉంటే బాగుండేదని ఒక్క నిమిషం అనిపించింది. ఎందుకో రాయను.

మే 1

గిడ్డయ్యకు చెప్పాను. "జెర్రి కనపడితే కొండచిలవ అంటావు. ఇప్పుడు తాడుకు గూడా నోరొచ్చెనా?" అన్నాడు. చిన్నాయన పేరెత్తగానే చెంబు విసిరి బయటికి పోయాడు. భీమక్క చెప్పింది, వినలేదు. ఊరంతా ఏళ్ల తరబడి అట్లే దిగుతున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు అంటాడు. ఎవరికీ కాలేదట.

మే 2, శనివారం

ఎల్లుండే దిగేది.

గిడ్డయ్య చెప్పులు వేసుకుంటుంటే అడ్డం నిలబడ్డాను. "ఒక్కటి చేసి పో. ఈ మోకు కొస పట్టుకుని గోడవతల నిలబడు. నేను ఈవల నుంచి లాగుతా. లాగిన వెంటనే తిరిగి లాగు. అంతే. ఇంక నీ జోలికి రాను."

"మాట మీద ఉంటావా?"

"ఉంటా."

మోకు గోడ మీదుగా వేశాం. నేను చేంతాడు పట్టుకున్నాను. భీమక్క నడుమ, రెండు వైపులా కనబడేటట్టు, గోడ మొదట్లో నిలబడింది. కొంగు నోట్లో పెట్టుకుంది.

లాగాను. తాడు తిరిగి లాగింది. మళ్లీ లాగాను. మళ్లీ వచ్చింది. నా బలమంతా పెట్టి ఇంకోసారి. వచ్చింది. అప్పుడు తాడు పట్టుకుని ఊరికే నిలబడ్డాను. ఆయన నిలబడినట్టు. ఎండ నెత్తిన కొడుతోంది. గోడవతల గిడ్డయ్య గొంతు సవరించుకోవడం వినబడింది. పక్కింటివాడితో ఏదో మాట్లాడాడు, ప్రెస్సు సంగతి. నిలబడే ఉన్నాను.

చాలాసేపటికి గోడ మీద వాడి తల కనిపించింది.

"ఏం మా, ఎంతసేపు? లాగుతావా లాగవా?"

"లాగినా."

"యాడ లాగినావు?"

"లాగినా. జవాబు గూడా వచ్చినాది. ఈపాటికి వత్తి ముట్టించినా" అన్నాను.

వాడు భీమక్క వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

గోడ దూకి వచ్చాడు. నా చేతిలో నుంచి చేంతాడు తీసుకున్నాడు. భీమక్కను మోకు దగ్గరికి పంపి తానే లాగాడు. వాడి చేయి ఎగిరింది. అయ్యన్న చెప్పినట్టే ఎగిరింది. చేయి చూసుకున్నాడు. ముడి చూశాడు. ముడి దగ్గర కూలబడి దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. తానే వేసిన ముడి, రాలేదు. పళ్లతో పట్టి లాగాడు. విప్పుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"అయితే చిన్నాయన సెప్పింది నిజమేనా మా?"

"ఇద్దరూ నిజమే సెప్పినారు."

వాడు చిన్నప్పుడు కూడా అలా ఏడవలేదు.

మే 3, ఆదివారం

గిడ్డయ్య శేషప్ప దగ్గరికి పోయి, ముడి లేని ఒకటే మోకు పేనించేదాకా ఎవరూ దిగరు అని చెప్పాడు. శేషప్ప ఎగిరాడట. "మీ అమ్మ మాట పట్టుకుని పని ఆపుతావా? ముసిలామెకు తాడు గూడా పామే" అన్నాడట. గిడ్డయ్య మళ్లీ ముడేసి, చేంతాడు కొస ఆయన చేతికిచ్చి మోకు వెనక తాను నిలబడ్డాడట. తరవాత శేషప్పే దారికొచ్చాడు. నార తెప్పిస్తానన్నాడు.

ఇంకొకటి కూడా చెప్పి వచ్చాడు. పైన మోకు చిన్నాయన పట్టుకుంటేనే తాను దిగుతానని.

అడగకుండా చెప్పి వచ్చాడు. తాడు ముట్టని మనిషి. ఒప్పుకోకపోతే? విని ఇంకా కుంగిపోతే? అప్పుడు చేరని మాటను ఏళ్లు గడిచాక ఇప్పుడు తీసుకుపోయి ఏమి ప్రయోజనం అంటే?

మే 4

ఈరోజు దిగాల్సిన రోజు. గిడ్డయ్య ఇంట్లోనే ఉన్నాడు. మేకకు గడ్డి వేశాడు. వాణ్ణి చూస్తూ కూర్చున్నాను.

మే 5, మంగళవారం

ఒకటి రాయనన్నాను. రాసేస్తాను, రాయకపోతే అక్కడ చెప్పేస్తానని భయం.

ఇన్నాళ్లూ ఆయన చివరి క్షణంలో చేతికి వచ్చిన లాగుడు దెయ్యానిదైనా ఇంకొకరిది అనుకున్నాను. కాదు. ఆయన లాగిందే ఆయనకు తిరిగి వచ్చింది. తన చెయ్యే తన చేతిని పట్టుకుని, వస్తున్నాలే అన్నట్టు. ఆయన దాన్ని తమ్ముడి చెయ్యి అనుకున్నాడు. అనుకునే నిలబడ్డాడు. తమ్ముడు మోసం చేశాడని అనుకుంటూ పోలేదు. ఆ ఒక్కటీ యేసేపుకు చెప్పవచ్చు. తక్కింది నా దగ్గర ఉంచుకుంటాను.

బస్సు కండక్టరుతో సుంకమ్మకు కబురు పంపాను, అతనుండేదీ ఎమ్మిగనూరు మగ్గాల పేటలోనే. సాయంత్రం జవాబు తెచ్చాడు. "రమ్మను అన్నాడమ్మా ఆయప్ప. ఆమాటే ఇంకోసారి అనమని నన్నే అడిగినాడు, మీ వదిన నిజంగా వస్తానన్నదా అని."

జవాబు మనిషి నోటితో వచ్చింది. అయినా నేను కండక్టరును మళ్లీ మళ్లీ అడిగాను, ఆయన నోటితోనే అన్నాడా, నీ కళ్లతో చూశావా అని. నవ్వాడు. నవ్వనీ.

చేంతాడు చుట్టి సంచిలో పెట్టాను. ముడి వేయను. ఒక కొస యేసేపు చేతిలో పెట్టి, వాకిలి దాకా పోయి, రెండో కొస నేను లాగుతాను. "వచ్చె వదినా" అనాలి. అది వినాలి.

మిరపకాయలు కూడా సంచిలో వేశాను, సంతలో ఎక్కువ కొన్నవి. మోకాళ్లకు ఆముదం రాశాను. పొద్దుటి బస్సు తప్పితే మళ్లీ మధ్యాహ్నం దాకా లేదు. నేను, గిడ్డయ్య, భీమక్క. ఎమ్మిగనూరుకు, మే 7, గురువారం.